డ్యూక్ 2010 బాస్కెట్‌బాల్ జట్టులో బ్రయన్ జూబెక్: సగటు 5.6 పాయింట్లే, మరి అంత పేరెందుకు?

నడిమి_కోర్టు (ప్రశ్న)

2010 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు) ఫైనల్ స్కోర్‌షీటు ముందు పెట్టుకుని అడుగుతున్నాను. డ్యూక్ 61, బట్లర్ 59. డ్యూక్‌లో స్కోరు చేసింది ఐదుగురే: సింగ్లర్ 19, షయర్ 15, నోలన్ స్మిత్ 13, జూబెక్ 8, లాన్స్ థామస్ 6. బెంచి నుంచి ఒక్క పాయింటూ లేదు.

సీజన్ మొత్తం చూసినా షయర్ 18.2, సింగ్లర్ 17.7, స్మిత్ 17.4. ముగ్గురివీ కలిపితే 53 దాటుతుంది. జూబెక్‌కు 5.6 పాయింట్లు, 7.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని పట్టడం), అదీ ఆటకు సుమారు 19 నిమిషాల్లో. మొదటి మూడేళ్లు జట్టులో అతనికి స్థిరమైన చోటే లేదు. మధ్యలో పాదం ఎముక విరిగి కొంత కాలం పోయింది. అయినా ఆ టైటిల్ గురించి మాట్లాడేవాళ్లెవరూ ఇతని పేరు వదలరు.

రెండు సంగతులు తెలియాలి. ఇతను కోర్టులో ఉంటే జట్టుకు కలిసొచ్చింది ఖచ్చితంగా ఏమిటి? పొడుగ్గా ఉండి, షాట్ అంతగా లేని మన యూనివర్సిటీ కుర్రాళ్లకు ఇందులో ఏది నేర్పవచ్చు? "7 అడుగుల 1 అంగుళం ఉన్నాడు కాబట్టి ఆడాడు" అనే జవాబు మాత్రం వద్దండి. అదే ఎత్తుతో అంతకుముందు మూడేళ్లు ఆడలేకపోయాడు కదా.

---

రెండో_ఛాన్స్

మీ చివరి మాటలోనే అసలు సంగతి ఉంది. ఎత్తు మారలేదు, అతనికి అప్పగించిన పని మారింది.

2010 ఫిబ్రవరి 13న మేరీలాండ్‌తో ఆటలో కోచ్ షెషెవ్‌స్కీ అతన్ని మొదటి ఐదుగురిలో దింపాడు. 16 పాయింట్లు, 17 రీబౌండ్లు. డ్యూక్ 77-56తో గెలిచింది. ఆ ఆటకు ముందు డ్యూక్ లెక్క 20 గెలుపులు, 4 ఓటములు. సీజన్ ముగిసేసరికి 35-5. అంటే ఆ ఆటతో కలిపి చివరి 16 ఆటల్లో ఓడింది ఒక్కటే, మార్చి మొదట్లో మేరీలాండ్ వాళ్ల కోర్టులో.

ఇక అతని పని ఏమిటంటే, స్కోర్‌షీటులో "ఆఫెన్సివ్ రీబౌండ్" (తన జట్టే తప్పిన షాట్‌ను తిరిగి పట్టడం) అని ఒక గీత పడుతుంది కానీ ఆ గీత సగం పనే చెబుతుంది. బంతి చేతికొచ్చాక ఏం చేశాడన్నది మిగతా సగం. జూబెక్ చాలాసార్లు మళ్లీ షాట్ వేయడు. బంతిని తల మీద నుంచి దించకుండానే బయట త్రీ లైను (మూడు పాయింట్ల గీత) దగ్గరున్న షయర్‌కో సింగ్లర్‌కో ఇచ్చేస్తాడు. ఆ త్రీ ఎందుకంత ఖాళీగా దొరుకుతుందో చూడండి. షాట్ వేయగానే ఐదుగురు డిఫెండర్లూ రింగు వైపు తిరుగుతారు. బాక్స్ అవుట్ (ప్రత్యర్థిని వీపుతో రింగుకు దూరంగా ఆపడం) కోసం లోపలికి ఒక అడుగు వేస్తారు. తన మనిషిని ఎవరూ చూడరు. సరిగ్గా ఆ క్షణంలో బంతి బయటికొస్తే, దగ్గరి డిఫెండరుకు వెనక్కి తిరిగి, మనిషిని వెతికి, పరుగెత్తి, చెయ్యి లేపే సమయం ఉండదు. ఎంత మంచి ప్లే గీసినా అంత ఖాళీ దొరకడం కష్టం.

ఇది నేర్పాలంటే వరుస ఇలా ఉంటుంది.

ముందు నిలబడే చోటు. మూల నుంచి వేసిన షాట్ తప్పితే బంతి ఎక్కువగా ఎదుటి వైపుకే పోతుంది. అందుకని షాట్ ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు కాకుండా, రెండో వైపు బ్లాక్ (రింగు పక్కన నేల మీది గుర్తు) దగ్గర ఉండాలి. దూరం నుంచి వేసిన షాట్ దూరంగా ఎగిరిపడుతుంది కాబట్టి, త్రీ వేస్తుంటే రింగు కిందకు దూరిపోకూడదు. రింగు కింద ఉన్నవాడికి దొరికేది నెట్టులోంచి పడిన బంతే.

తర్వాత కాలు. షాట్ వేసేవాడి మోచెయ్యి లేస్తుండగానే కదలాలి. బంతి గాల్లో ఉండగా దాన్నే చూస్తూ నిలబడితే అప్పటికే డిఫెండర్ నడుము ఆనించి ఉంటాడు. అతని ముందు పాదం కన్నా మన పాదం ఒక జానెడు లోపలికి పడితే చాలు, తర్వాత నడుము దించి ఆ చోటు నిలుపుకోవచ్చు. పూర్తిగా ముందుకు రాలేకపోయినా పక్కకైనా రావాలి. సరిగ్గా వెనక ఉండిపోతే మాత్రం ఆ బంతి వదిలేయడమే మేలు. అక్కడి నుంచి ఎగిరితే వీపు మీద పడి ఫౌల్ అవుతుంది.

ఆ తర్వాత చేతులు. బంతి పట్టగానే రెండు పాదాలూ వెడల్పుగా దిగాలి. బంతి నుదురు కన్నా కిందకు రాకూడదు. మన దగ్గర పొడుగు ఆటగాళ్లలో నూటికి తొంభై మంది చేసే తప్పు ఇదే. పట్టగానే బంతిని బొడ్డు దాకా దించి, ఒకసారి డ్రిబుల్ కొట్టి, అప్పుడు లేస్తారు. దించిన మరుక్షణం 5 అడుగుల 8 అంగుళాల గార్డు (బయట బంతి నడిపే ఆటగాడు) వచ్చి కింద నుంచి తన్నుకుపోతాడు. అంత ఎత్తుండీ ఆ బంతిని పొట్టివాడి చేతికి మనమే అందించినట్టు.

చివరగా నిర్ణయం. రింగుకు ఒక మీటరు లోపల, ఎదురుగా ఒక్క డిఫెండరే ఉంటే మళ్లీ షాట్. ఇద్దరుంటే బయటికి. దీనికి ఒక్క సెకను మించి పట్టకూడదు. పాస్ రెండు చేతులతో తల మీద నుంచి, తాను బంతి పట్టిన వైపుకు ఎదురు వైపు. ఎందుకంటే డిఫెన్స్ అంతా బంతి వైపే ముడుచుకుని ఉంటుంది. ఇందులో గార్డుల వంతు కూడా ఉంది. పొడుగువాడి కళ్లకు కనబడే చోటికి వాళ్లే జరగాలి. ఒకచోట పాతుకుపోయి చెయ్యెత్తి అరిస్తే పాస్ రాదు.

---

స్కోరర్_టేబుల్

పై జవాబుకు లెక్కలు జోడిస్తాను, ఎందుకంటే "సగటు 5.6" అన్న చోటే చాలామంది ఆగిపోతారు.

నిమిషాల చొప్పున చూస్తే 19 నిమిషాల్లో 7.7 రీబౌండ్లంటే 40 నిమిషాలకు 16 పైచిలుకు. పాయింట్లు అదే లెక్కన దాదాపు 12. కానీ ఈ 40 నిమిషాల లెక్కను గుడ్డిగా నమ్మవద్దు. జూబెక్ ఫౌళ్లు వేగంగా చేసే ఆటగాడు, 40 నిమిషాలు ఎలాగూ ఉండలేడు. అందుకే డ్యూక్ నలుగురు పొడుగు ఆటగాళ్లను తిప్పింది: జూబెక్, థామస్, మైల్స్ ప్లమ్లీ, మేసన్ ప్లమ్లీ. ఐదో ఫౌల్‌తో ఆటగాడు బయటికే కాబట్టి, తలా 5 చొప్పున 20 ఫౌళ్ల నిల్వ. ఒకడికి రెండు పడగానే ఇంకొకడు వస్తాడు. దాంతో కోర్టులో ఉన్న 19 నిమిషాలూ జూబెక్ భయం లేకుండా ఆడగలిగాడు. ఇది అతని గొప్పతనం ఎంతో, జట్టు కూర్పు గొప్పతనం కూడా అంతే.

అసలు చూడాల్సింది శాతం. కోర్టులో ఉండగా తన జట్టు తప్పిన షాట్లలో ఎన్నింటిని అతను తిరిగి తెచ్చాడు అన్నది. లెక్క కట్టడం సులువే. ఉదాహరణకు 40 నిమిషాల ఆటలో మీ జట్టు ఆఫెన్సివ్ రీబౌండ్లు 14, ఎదుటి జట్టు డిఫెన్సివ్ రీబౌండ్లు 22 అనుకోండి. మీరు షాట్లు వేసే రింగు దగ్గర దొరకగలిగినవి మొత్తం 36. మీ ఆటగాడు ఆడింది 20 నిమిషాలు, అంటే అతను ఉండగా వచ్చినవి సుమారు 18. అందులో 4 పట్టాడంటే 22 శాతం. అది చాలా గొప్ప అంకె. 10 శాతం దాటితేనే మంచి పొడుగు ఆటగాడు అనుకోవచ్చు. ఆ ఏడాది ఈ శాతంలో జూబెక్ దేశం మొత్తంలో ముందు వరుసలో ఉన్నాడు.

దీని విలువ పాయింట్లలో ఎంత? మీ జట్టు ఆటకు 35 షాట్లు తప్పుతోందనుకోండి. వాటిలో 28 శాతం తిరిగి తెస్తే దాదాపు 10. 38 శాతం తెస్తే 13 పైన. తేడా మూడున్నర అవకాశాలు. ఒక్కో అవకాశానికి ఒక పాయింటు పైచిలుకు వేసుకున్నా 4 పాయింట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఫైనల్ గెలిచింది 2 పాయింట్లతో.

ఇంకొక సంగతి, స్క్రీన్లు, అంటే షూటర్ వెంటపడే డిఫెండర్ దారిలో కదలకుండా నిలబడి ఆపడం. వీటికి స్కోర్‌షీటులో గడి లేదు. షయర్, సింగ్లర్ స్క్రీన్ల చుట్టూ తిరిగి షాట్ వేసేవాళ్లు. జూబెక్, థామస్ లాంటి బండ శరీరాలు దారిలో నిలబడితేనే ఆ అర అడుగు ఖాళీ వచ్చేది. మీరే వీడియో చూస్తూ కాగితం మీద రాసుకోవచ్చు: ఒక్కో స్క్రీన్‌కు, డిఫెండర్ ఆగాడా, చుట్టూ తిరిగాడా, తాకకుండానే దాటాడా అని మూడు గళ్లు. తాకకుండా దాటినవి సగానికి మించితే మీ వాడు స్క్రీన్ పెడుతున్నట్టు కాదు, అక్కడ నిలబడుతున్నాడంతే.

---

వింగ్_నుంచి

2018లో విలనోవా తరఫున ఫైనల్లో డాంటే డివిన్‌చెంజో బెంచి మీద నుంచి వచ్చి 31 పాయింట్లు కొట్టి మిషిగన్‌ను 79-62తో ఓడించాడు. రోల్ ప్లేయర్ (స్టార్ కాకుండా ఒక పని మీద ఆడేవాడు) అంటే అది కదా? ఫైనల్లో జూబెక్ చేసిన 8 పాయింట్లు, 10 రీబౌండ్ల గురించి ఇంత చర్చ ఎందుకో అర్థం కాలేదు.

---

రెండో_ఛాన్స్

డివిన్‌చెంజో సిక్స్త్ మ్యాన్ అండి. దిగేది ఆరోవాడుగా, చేసేది మొదటి ఐదుగురి పనే. బంతి అతని చేతిలోకి వస్తుంది, ప్లే అతని కోసం గీస్తారు. జూబెక్ కోసం ప్లే గీయరు. బంతి అడగకుండానే ఆటను మలుపు తిప్పగలిగేవాడి గురించి ఇక్కడ చర్చ.

అలాంటి ఉదాహరణే కావాలంటే 2019 వర్జీనియా చూడండి. మార్చి 30న లూయీవిల్‌లో పర్డూతో ఆట. 5.9 సెకన్లు మిగిలి ఉండగా వర్జీనియా ఆటగాడు టై జెరోమ్ రెండు ఫ్రీ త్రోలకు (ఫౌల్‌కు బదులు ఎవరూ అడ్డం లేకుండా వేసే షాట్లు) వచ్చాడు. మొదటిది పడింది, వర్జీనియా రెండు పాయింట్లు వెనక. రెండోది తప్పింది. మమాడి డియాకిటే ఆ బంతిని పట్టడానికి చూడలేదు, వేళ్లతో వెనక్కి తట్టాడు. అది సగం కోర్టు దాటి తమ వైపుకే పోయింది. కిహై క్లార్క్ పరుగెత్తి దాన్ని అందుకున్నాడు. ఫ్రెష్‌మన్ (కాలేజీలో మొదటి ఏడాది), 5 అడుగుల 9 అంగుళాలు, సీజన్ సగటు 4.5 పాయింట్లు. పక్కనే జెరోమ్ ఉన్నా, దూరంగా రింగు ముందున్న డియాకిటేకు పొడుగాటి పాస్ వేశాడు. బజర్‌తో పాటే షాట్ పడి 70-70. ఓవర్‌టైమ్‌లో 80-75. ఆ తర్వాత టైటిల్ కూడా వాళ్లదే. ఆ పాస్‌కు క్లార్క్ ఖాతాలో పడింది ఒక్క అసిస్ట్ (స్కోరుకు దారితీసిన పాస్).

---

గంట_మోగేలోపు

ఫైనల్ చివరి క్షణాల గురించి ఎవరూ రాయలేదేం? జూబెక్ పేరు నిలిచింది అక్కడే.

డ్యూక్ 60, బట్లర్ 59. బంతి బట్లర్‌ది. గోర్డన్ హేవార్డ్ సింగ్లర్‌ను దాటి కుడి బేస్‌లైన్ (రింగు వెనక గీత) వైపు వచ్చాడు. జూబెక్ సాయానికి వచ్చి అడ్డం నిలబడ్డాడు. షాట్‌ను కొట్టడానికి చూడలేదు. రెండు చేతులూ నిలువుగా పైకెత్తి అలాగే ఉంచాడు. 7 అడుగుల మనిషి చేతులెత్తితే దాని మీదుగా వేయాలంటే హేవార్డ్ వెనక్కి వాలి, బంతిని మామూలు కన్నా ఎత్తుగా లేపాలి. లేపాడు, అది రింగుకు అవతల తగిలింది. ఆ రీబౌండ్ కూడా జూబెక్‌దే. షాట్‌కు అడ్డం నిలిచిన పొడుగువాడే బంతినీ పట్టడం మామూలుగా జరగదు, ఎందుకంటే ఎగిరినవాడు దిగేసరికి బంతి వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. అతను గాల్లోకి పూర్తిగా ఎగరలేదు కాబట్టే వెంటనే తిరగగలిగాడు.

3.6 సెకన్లు ఉండగా ఫౌల్. మొదటి ఫ్రీ త్రో పడింది, 61-59. రెండోది కావాలనే తప్పించాడు, అది కోచ్ చెప్పిన మాట. హేవార్డ్ బంతి పట్టి, సగం కోర్టు దగ్గర నుంచి విసిరాడు. మాట్ హోవార్డ్ పెట్టిన స్క్రీన్‌కు సింగ్లర్ కిందపడ్డాడు కూడా. బంతి బోర్డుకు తగిలి, రింగు మీద కొట్టుకుని, బయట పడింది. లూకస్ ఆయిల్ స్టేడియంలో 70,930 మంది, అందులోనూ బట్లర్ సొంత ఊరు ఇండియానాపోలిస్.

నా అభిప్రాయం చెప్పాలంటే ఆ రెండో ఫ్రీ త్రో వేసి ఉండాల్సింది. 62-59 అయితే ఆ విసురు పడినా ఓవర్‌టైమే. 61-59 దగ్గర పడితే కప్పే పోయేది.

---

స్కోరర్_టేబుల్

నేను ఒప్పుకోను. ఫ్రీ త్రో పడితే బంతి బేస్‌లైన్ నుంచి లోపలికి రావాలి. కోర్టులో ఎవరైనా తాకేదాకా గడియారం కదలదు. 3.6 సెకన్లూ వాళ్లవే. ముందే అనుకున్న చోటికి ఒక పొడుగాటి పాస్, ఒకటి రెండు డ్రిబుల్స్, దగ్గరి త్రీ. తప్పితే మాత్రం రీబౌండ్ చేతికి తాకగానే గడియారం మొదలవుతుంది. పట్టినవాడు రింగుకు 25 మీటర్ల దూరంలో ఉంటాడు, ప్లే గీసుకునే వీలు ఉండదు. సగం కోర్టు నుంచి విసురు పడే అవకాశం చాలా తక్కువ. అయితే మీరన్నదాంట్లో నిజం లేకపోలేదు, అది ఎంత దగ్గరగా వచ్చిందో అందరం చూశాం.

ఎవరైనా తమ జట్టుకు ఇది నేర్పబోతుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. కావాలని తప్పించే ఫ్రీ త్రో కూడా రింగుకు తగలాలి. తగలకపోతే వైలేషన్ (నిబంధన ఉల్లంఘన). బంతి ఎదుటి జట్టుకు బయట నుంచి ఇస్తారు, గడియారం ఆగే ఉంటుంది. ఏది వద్దనుకున్నామో అదే అవుతుంది. అందుకే గాల్లోకి ఎత్తి మెల్లగా వేయకూడదు, చదునుగా, గట్టిగా, రింగు ముందు అంచుకు కొట్టాలి. దీన్ని కూడా సాధన చేయించాలి. తప్పించాలని వేసింది పడిపోవడం మామూలే.

---

నడిమి_కోర్టు (ప్రశ్న)

చాలా బాగా విప్పి చెప్పారండీ అందరూ. ఒక సందేహం మిగిలింది. అప్పట్లో అమెరికా కాలేజీ ఆటలో షాట్ క్లాక్ (జట్టు షాట్ వేయడానికి ఉండే సమయం) 35 సెకన్లు. మన యూనివర్సిటీ టోర్నమెంట్లు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలతో, 24 సెకన్లు. బంతి బయటికిచ్చి మళ్లీ మొదలుపెట్టే ఆట ఇక్కడ కుదురుతుందా? ఫౌళ్ల లెక్క కూడా వేరు కదా.

---

రెండో_ఛాన్స్

కుదురుతుంది, కానీ రెండు మార్పులతో.

అప్పటి ఎన్‌సీఏఏలో ఆఫెన్సివ్ రీబౌండ్ పడితే, బంతి రింగుకు తగిలి ఉంటే, గడియారం మళ్లీ 35కి వెళ్లేది. డ్యూక్ తీరిగ్గా బంతి బయటికిచ్చి, మొత్తం ఆటను మొదటి నుంచి ఆడుకునేది. ఎదుటి జట్టు ఒకే విడతలో నిమిషానికి పైగా డిఫెన్స్ చేయాల్సి వచ్చేది. అలసట సగం పని చేసేది. ఇప్పుడు అక్కడ కూడా 30 సెకన్లు, రీబౌండ్ తర్వాత 20కే తిప్పుతారు. ఫీబాలో 24, రీబౌండ్ తర్వాత 14. కాబట్టి ఇక్కడ బయటికిచ్చిన మొదటి పాస్‌కే షాట్ వేసే మనిషి ఉండాలి. పాయింట్ గార్డుకు ఇచ్చి, అతను ప్లే పిలిచి, స్క్రీన్ పెట్టేసరికి 6 సెకన్లే మిగులుతాయి. అంటే పొడుగువాడికి నేర్పే ముందు, పాస్ అందుకునే షూటర్‌కు నేర్పాలి: రీబౌండ్ పడిన క్షణంలో పాదాలు రింగు వైపు తిప్పి, మోకాళ్లు వంచి, చేతులు సిద్ధంగా.

ఫౌళ్ల సంగతి ఇంకా ముఖ్యం. అప్పటి ఎన్‌సీఏఏ ఆట 20 నిమిషాల రెండు సగాలు, ఒక సగంలో జట్టు ఏడో ఫౌల్ నుంచి ఎదుటివాళ్లకు ఫ్రీ త్రోలు. ఫీబాలో 10 నిమిషాల క్వార్టర్లో అయిదో ఫౌల్ నుంచే రెండు ఫ్రీ త్రోలు. ఇక్కడ చాలామంది కోచ్‌లు పొరబడే చోటు ఒకటుంది. మా జట్టు షాట్ వేస్తుండగా మావాడు తోస్తే అది ఆఫెన్సివ్ ఫౌలే కదా, ఫ్రీ త్రోలు రావనుకుంటారు. షాట్ చేతిని వదిలిన క్షణంలోనే జట్టు చేతిలో బంతి ఉన్నట్టు లెక్క ముగుస్తుంది. ఆ తర్వాత రీబౌండ్ కోసం వీపు మీద పడితే మామూలు ఫౌలే. క్వార్టర్లో అప్పటికే నాలుగు పడి ఉంటే, మనం కాపాడే రింగుకు 25 మీటర్ల దూరంలో ఎదుటివాడికి రెండు ఉచిత పాయింట్లు ఇచ్చినట్టు. దీన్ని మించిన దండగ ఫౌల్ ఆటలో లేదు. నాలుగో ఫౌల్ పడగానే బెంచి నుంచి గట్టిగా కేక వేసి, మీవాణ్ని వెనక నుంచి ఎగరవద్దని గుర్తుచేయాలి.

సాధనకు ఒక పద్ధతి. ముగ్గురికి ముగ్గురు, బయట ఒక షూటర్. కోచ్ మూల నుంచి 12 షాట్లు, కావాలని తప్పేలా వేయాలి. ఆరు ఒక మూల నుంచి, ఆరు రెండో మూల నుంచి. ఆఫెన్స్ రీబౌండ్ పడితే 1. ఆ బంతి బయటికిచ్చి త్రీ పడితే ఇంకో 2. బంతి నుదురు కన్నా కిందకు దించితే, పాయింటు పడినా లెక్కలోకి రాదు. వీపు మీద ఫౌల్ అయితే 2 తీసేయాలి. వారానికి మూడు రోజులు, పదేసి నిమిషాలు చాలు. మొదటి వారం స్కోరు చాలాసార్లు సున్నా కిందకే పోతుంది, దానికి కారణం ఎక్కువగా ఆ ఫౌళ్లే. కుర్రాడు వెనక నుంచి ఎగరడం మానేసి పక్క నుంచి పాదం పెట్టడం మొదలుపెట్టాకే అంకె పైకి వస్తుంది.

మీ రెండో ప్రశ్నకు తోడుగా, ఏది నేర్పకుండా వదిలేయాలంటే, రింగుకు వీపు పెట్టి బంతి అడిగి ఆడే పోస్ట్ ఆట. షాట్ లేని కుర్రాడికి దాని మీద పెట్టే గంట, స్క్రీన్ పెట్టేటప్పుడు పాదాలు కదలకుండా నిలబెట్టడం మీద పెట్టండి. చేతులు ఛాతీ దగ్గర, పాదాలు భుజాల వెడల్పు, షూటర్ తన భుజాన్ని రాసుకుంటూ వెళ్లేదాకా కదలకూడదు. చివరి క్షణంలో తుంటి బయటికి తోస్తే రెఫరీ విజిల్ వేస్తాడు. షూటర్ ముందే పరుగెత్తినా తప్పు స్క్రీన్ పెట్టినవాడి మీదే పడుతుంది. అందుకని ఆగి, స్క్రీన్ కుదిరాకే కదలమని షూటర్‌కు కూడా చెప్పాలి.

---

గంట_మోగేలోపు

ఒక్క చేర్పు. ముగ్గురు రీబౌండ్‌కు పోతే ఇద్దరు తప్పనిసరిగా వెనక్కి రావాలి, ఒకరు సగం గీత దగ్గర, ఇంకొకరు త్రీ లైను పైన. ఆ త్రీ లైను పైనున్నవాడే మీ పొడుగువాడు పాస్ వేయాల్సిన మనిషి కూడా. నలుగురు లోపలికి దూరితే రీబౌండ్ పడ్డా పాస్ వేయడానికి బయట ఎవరూ ఉండరు, పడకపోతే అవతల లే-అప్ (రింగు దగ్గరి సులువు షాట్) ఆపడానికి వెనక ఎవరూ ఉండరు.

---

నడిమి_కోర్టు (ప్రశ్న)

12 షాట్ల పద్ధతి, ఫౌల్ లెక్క రెండూ కాగితం మీద రాసుకున్నాను. స్క్రీన్ల మూడు గళ్ల పట్టీ ఈ ఆదివారం ఆట వీడియోతో నింపి, అంకెలు ఇక్కడే పెడతాను. తాకకుండా దాటినవి సగానికి మించితే ఎక్కడ దిద్దాలో అప్పుడు చెబుదురుగాని.